గణితం చదివిన న్యాయవాది: దామోదరం సంజీవయ్య

అనకాపల్లి జిల్లా చీడికాడలో ఇంటర్మీడియట్ ముగించి న్యాయవాది కావాలని తలచే విద్యార్థి ఎదుట నేడు రెండు దారులున్నాయి. ఐదేళ్ళ సమీకృత న్యాయవిద్యలో నేరుగా చేరడం ఒకటి. దగ్గరలోని కళాశాలలో తక్కువ ఖర్చుతో డిగ్రీ పూర్తిచేసి, ఆపై మూడేళ్ళ న్యాయవిద్యకు వెళ్ళడం మరొకటి. మొదటి దారిలో ఒక సంవత్సరం కలిసివస్తుంది. రెండవ దారిలో రుసుముల భారం సాధారణంగా తగ్గుతుంది; నిదానించి ఆలోచించుకొనే వ్యవధి కూడా దొరుకుతుంది. ఈ జిల్లాలోనే, సబ్బవరంలో, ఐదేళ్ళ కోర్సు బోధించే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 2008 నాటి శాసనంతో ఏర్పడిన ఆ విద్యాసంస్థ తరువాత దామోదరం సంజీవయ్య పేరును ధరించింది. విశేషమేమంటే సంజీవయ్య నడిచినది రెండవ దారి. ఆయన విద్యార్థిగా ఉన్న కాలంలో మొదటి దారి అసలు లేనే లేదు.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు సమీపంలోని పెద్దపాడు గ్రామంలో ఒక నిరుపేద దళిత కుటుంబంలో జన్మించారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునెయ్య. ఆ కుటుంబానికి సెంటు భూమి లేదు. నేతపని, కూలిపని వారి జీవనాధారాలు. పుట్టిన కొద్ది రోజులకే సంజీవయ్య తండ్రిని పోగొట్టుకున్నారు. కొంతకాలం మేనమామ పంచన పాలకుర్తిలో ఉండి, కుటుంబం తిరిగి స్వగ్రామం చేరింది. అన్న చిన్నయ్య కూలిచేసి తమ్ముణ్ణి బడికి పంపాడు. ఒక ఇంటిలో ఇద్దరు అన్నదమ్ములున్నప్పుడు ఒకరి చదువుకు మరొకరి రెక్కల కష్టం ధర కావడం మన పల్లెలకు కొత్త కాదు. కాని ఆ ధర చెల్లించినవారి పేర్లు చరిత్రలో అరుదుగా కనిపిస్తాయి. అందుచేత చిన్నయ్య పేరును ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది.

కర్నూలు పురపాలకోన్నత పాఠశాలలో చదివి, 1938లో సంజీవయ్య ఎస్.ఎస్.ఎల్.సి. ఉత్తీర్ణులైనారు. తరువాత ఎక్కడ చదవాలన్నది ప్రశ్న. కర్నూలులో ఉస్మానియా కళాశాల అప్పటికింకా పుట్టలేదు. అది 1947లో వెలసింది. రాజధాని మద్రాసులో ప్రెసిడెన్సీ, క్రైస్తవ, పచ్చయప్ప, లయోలా వంటి పేరుపొందిన కళాశాలలు ఉండేవి. కాని ఆ మహానగరంలో నాలుగేళ్ళ గది అద్దె, భోజనం, ప్రయాణం ఖర్చులు కూలిపని చేసే కుటుంబం మోయగలిగినవి కావు. రాయలసీమలోనే, అనంతపురంలో, 1916లో స్థాపించిన దత్తమండల కళాశాల ఉంది. సంజీవయ్య అందులో చేరారు. అంతకు కొన్నేళ్ళ ముందు నీలం సంజీవరెడ్డి చేరి, స్వాతంత్ర్యోద్యమం కోసం 1931లో చదువు విడిచిపెట్టినది ఈ కళాశాలలోనే. వీరిద్దరి జీవితాలు మున్ముందు విచిత్రంగా ముడిపడ్డాయి.

బి.ఎ.లో సంజీవయ్య తీసుకొన్నవి గణిత, ఖగోళ శాస్త్రాలు. భావి న్యాయవాదికి చరిత్రో, రాజనీతిశాస్త్రమో తగినదని నేటి విద్యార్థులు అనుకోవచ్చు. న్యాయకళాశాలలో ప్రవేశానికి పట్టా అవసరమే గాని, అది ఫలానా శాస్త్రంలోనే ఉండాలన్న నియమం లేదు. ఈ కారణం చేత ఖర్చుకు తగిన కళాశాలను, బుద్ధికి తగిన పాఠ్యాన్ని వేరువేరుగా ఎంచుకొనే వీలు కలిగింది. కళాశాల పేరు చిన్నదే కావచ్చు. గణితంలో సాధించిన పట్టు మాత్రం చిన్నది కాదు.

1942లో పట్టా చేతికి వచ్చింది. అయినా న్యాయవిద్య అందుబాటులోకి రాలేదు. అది రెండవ ప్రపంచయుద్ధ కాలం. పట్టణాలలో ఆహారధాన్యాల పంపిణీకి ప్రభుత్వం కార్యాలయాలు తెరిచింది. కర్నూలులో అటువంటి కార్యాలయంలో సంజీవయ్య గుమాస్తాగా పనిచేశారు. తరువాత బళ్ళారిలో మరొక తాత్కాలికోద్యోగం లభించింది. ఈ నాలుగేళ్ళను వృథా కాలమని కొందరు భావించవచ్చు. కాని బళ్ళారిలో ఒక న్యాయాధికారి ఇచ్చిన ప్రోత్సాహమే ఆయనను న్యాయశాస్త్రం వైపు నడిపించింది. ఆ ఊరికి ఉద్యోగం కోసం వెళ్ళి ఉండకపోతే ఆ పరిచయమే కలిగేది కాదు.

1946లో సంజీవయ్య మద్రాసు న్యాయకళాశాలలో చేరారు. ఇక్కడ మాత్రం దూరమన్నా, ఖర్చన్నా వెనుకకు తగ్గలేదు. ఉపకారవేతనం ఆసరా లేదు. అన్న మీద మరింత భారం మోపడం సాధ్యం కాదు. అప్పుడు ఆదుకొన్నది అనంతపురంలో చదివిన గణితమే. జార్జిటౌనులోని ఒక ఉన్నత పాఠశాలలో ఆయనకు కొద్దిపాటి వేళలు బోధించే గణితోపాధ్యాయుని పని దొరికింది. అప్పట్లో హైకోర్టు పక్కనున్న న్యాయకళాశాలకు ఆ పేట ఆనుకొనే ఉండేది. పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించిన జీతంతో తాను చట్టం చదువుకున్నారు. 1948లో బి.ఎల్. పట్టభద్రులై, సీనియర్ న్యాయవాదుల వద్ద శిక్షణ పొంది, 1950లో న్యాయవాదిగా నమోదైనారు.

న్యాయవాద వృత్తిలో ఆయన నిలిచినది స్వల్పకాలమే. 1950లోనే తాత్కాలిక పార్లమెంటులో సభ్యులైనారు. 1952లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1960 జనవరి 11న, ముప్పై ఎనిమిదేళ్ళ వయస్సులో, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినారు. భారతదేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు ఆయనే. కాంగ్రెసు అధ్యక్షపదవి కోసం సంజీవరెడ్డి విడిచిన స్థానమది. 1962లో సంజీవరెడ్డి తిరిగి ముఖ్యమంత్రి కాగా, సంజీవయ్య కాంగ్రెసు అధ్యక్షులైనారు. దత్తమండల కళాశాల విద్యార్థులిద్దరు ఆ రెండు పదవులను ఈ విధంగా ఇచ్చిపుచ్చుకున్నారు!

ముఖ్యమంత్రిగా ఆయన వృద్ధాప్య పింఛను పథకాన్ని ప్రవేశపెట్టారు. అవినీతి నిరోధక శాఖ ఏర్పడినది కూడా ఆయన హయాంలోనే, 1961లో. 1964లో కేంద్ర కార్మికమంత్రి అయినారు. మరుసటి సంవత్సరం బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. సంస్థకు లాభమున్నా లేకున్నా కార్మికునికి జీతంలో 4 శాతం కనీస బోనస్ ఇవ్వాలని ఆ చట్టం నిర్దేశించింది. మిగులును లెక్కించే పద్ధతులు, అనుబంధ పట్టికలు నిండిన ఆ చట్టాన్ని చూస్తే, న్యాయశాస్త్రమూ గణితమూ రెండూ తెలిసిన మంత్రికి తగిన పనే అనిపిస్తుంది.

సంజీవయ్య 1972 మే నెలలో ఢిల్లీలో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు. సబ్బవరంలో ఆయన పేరుగల విశ్వవిద్యాలయంలో చేరే విద్యార్థులు ఇంటర్మీడియట్ ముగిసిన వెంటనే న్యాయశాస్త్ర గ్రంథం తెరుస్తారు. ఆయన దానిని తెరిచినది ఇరవై ఐదేళ్ళ వయస్సులో.