కలకత్తాకు సైకిలు నేర్పిన హెచ్. బోస్

కోల్‌కతాలో హావ్‌డా వంతెన దిగి సియాల్దా స్టేషన్ వైపు సాగే మహాత్మాగాంధీ రోడ్డు మీద కాసేపు నిలబడితే చాలు, చెవులు గింగిర్లెత్తుతాయి. బస్సుకూ బస్సుకూ మధ్య జానెడు సందు దొరికితే అందులోంచి స్కూటర్లు దూరిపోతుంటాయి. చిన్న ఇంజిను, కంటికి ఇంపైన రంగు, కాళ్ల దగ్గర సంచి పెట్టుకునే చోటు. నగరంలో ఉద్యోగం చేసుకునే మనిషికి అంతకు మించి అక్కర్లేదు. ట్రాము కోసం ఆగనక్కర్లేదు, టాక్సీవాణ్ణి బతిమాలనక్కర్లేదు. సొంత బండి ఇచ్చే ధీమా అదే.

ఈ రోడ్డుకు బ్రిటిష్ కాలంలో హారిసన్ రోడ్డు అని పేరు. స్కూటరు అనే మాటే పుట్టని ఆ రోజుల్లో, ఆ ధీమాను మొదటిసారిగా బెంగాలీలకు అమ్మిన దుకాణం ఇక్కడే ఉండేది. 1903లో సోదరుడు జతీంద్రమోహన్‌తో కలిసి ఆ సైకిళ్ల వ్యాపారం పెట్టినాయన హేమేంద్రమోహన్ బోస్. ఊరంతా హెచ్. బోస్ అని పిలిచేది. భారతీయుల యాజమాన్యంలో నడిచిన తొలి సైకిలు కంపెనీగా దాన్ని చెప్పుకుంటారు. తలనూనె, అత్తరు, అచ్చుయంత్రం, మోటారు కారు, ఫోనోగ్రాఫు రికార్డులు ఇలా ఆయన చెయ్యి పెట్టని కొత్త వస్తువు లేదు. అయినా సైకిలు విషయంలో ఆయన చేసిన పని వేరు. వస్తువు అమ్మి ఊరుకోలేదు, దాన్ని ఎక్కడం కూడా నేర్పించాడు.

ప్రయోగశాల నుంచి పరిమళాలకు

హేమేంద్రమోహన్ 1860ల మధ్యలో, నేటి బంగ్లాదేశ్‌లోని మైమన్‌సింగ్ ప్రాంతంలో పుట్టాడు. చదువుకున్న కుటుంబం. 1898లో మద్రాసు కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన ఆనందమోహన్ బోస్ ఆయనకు పినతండ్రి వరస. ఇంట్లో వాళ్ల ఆశ ప్రకారం కుర్రవాడు కలకత్తా మెడికల్ కాలేజీలో చేరాడు. ప్రయోగశాలలో ఒకనాడు కళ్లలో యాసిడ్ పడింది. చూపు నిలిచింది గానీ, నెలల తరబడి మంచానికి అంటుకుపోవాల్సి వచ్చింది. డాక్టరు చదువు అక్కడితో ఆగిపోయింది.

యాసిడ్ కాటేసినా రసాయనశాస్త్రం మీద మోజు మాత్రం పోలేదు. పరిమళద్రవ్యాల తయారీ మొదలుపెట్టాడు. కుంతలీన్ అనే తలనూనె, దేల్‌ఖోష్ అనే సెంటు బెంగాల్ ఇళ్లలో ఇంటిపేర్లలా నిలిచిపోయాయి. విదేశీ సీసాలతో నిండిన బజారులో ఒక స్థానికుడు అదే నాణ్యతతో, అదే సోకుతో సరుకు తెచ్చి నిలబెట్టడం చిన్న విషయం కాదు.

మనకు ఈ దారి కొత్తదేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ సంపాదనతో 1908లో ఆంధ్రపత్రికను నడిపించారు. తలనొప్పి మందు తెలుగు అక్షరానికి పెట్టుబడి అయింది. కలకత్తాలో అంతకు పుష్కరకాలం ముందే హెచ్. బోస్ తలనూనె డబ్బును కథలకు మళ్లించాడు. 1896లో కుంతలీన్ పురస్కారం పేరిట కథల పోటీ పెట్టాడు. షరతు ఒక్కటే. కథలో ఎక్కడో ఒకచోట కుంతలీన్, దేల్‌ఖోష్ ప్రస్తావన రావాలి, కానీ అది ప్రకటనలా కనిపించకూడదు.

మొదటి ఏడాది బహుమతి పొందిన కథ రాసింది జగదీశ్ చంద్రబోస్. పేరు చెప్పకుండా పంపాడు. నడిసముద్రంలో చెలరేగిన తుపానును ఒక్క సీసా తలనూనె అణిచేయడం అందులో కథ. బెంగాలీ సైన్స్ ఫిక్షన్‌కు ఆద్యుల్లో ఒకటిగా దాన్ని ఇప్పటికీ లెక్కిస్తారు. 1903లో మందిర్ అనే కథకు బహుమతి వచ్చింది. దాని మీద సురేంద్రనాథ్ గంగూలీ అనే పేరుంది. అసలు రాసింది ఆయన బంధువైన శరత్ చంద్ర చటోపాధ్యాయ. చక్రపాణి అనువాదాలతో తెలుగువాడైపోయిన ఆ శరత్తే. అప్పటికి ఆయన్ను ఎరిగినవారు లేరు.

పెద్దమనుషుల కాళ్లకు పని

ఆ 1903లోనే సైకిళ్ల కంపెనీ మొదలైంది. అప్పటి కలకత్తా వీధుల్ని ఊహించుకుంటే గానీ దాని విలువ తెలియదు. గుర్రాలు లాగే ట్రాముల స్థానంలో విద్యుత్ ట్రాములు రావడం 1902లో మొదలైంది. సంపన్నులకు గుర్రబ్బగ్గీలుండేవి. మిగతావారికి అద్దె బండ్లు. పల్లకీల కాలం వెనకబడినా, ఆ పల్లకీ నేర్పిన మర్యాద మాత్రం మనసుల్లోంచి పోలేదు. పెద్దమనిషి అంటే ఇంకొకరు మోసుకుపోవాల్సినవాడు. బోయీలో, గుర్రాలో, బండివాడో. ఎంత పెద్దవాడైతే అంతమంది మోయాలి.

సైకిలు ఈ లెక్కను తలకిందులు చేసింది. దాన్ని నడపడానికి నౌకరు ఉండడు. ఎక్కినవాడే కాళ్లాడించాలి, చెమటోడ్చాలి, పడితే తానే లేవాలి. 1885లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో రోవర్ సైకిలు రెండు సమానమైన చక్రాలతో, వెనక చక్రానికి గొలుసుతో వచ్చింది. మూడేళ్లకు డన్‌లప్ గాలి టైరు తోడైంది. అంతకుముందు మనిషెత్తు చక్రం మీద సర్కస్ చేసిన సైకిలు, వీటితో మామూలు మనిషి బండిగా మారింది. ఆ రోవర్ సైకిళ్లను హెచ్. బోస్ కలకత్తాకు తెప్పించి అమ్మాడు.

సరుకు వచ్చింది. కానీ ధోవతి కట్టిన భద్రలోకులు నడిరోడ్డు మీద ఆ ఇనుప బండి ఎక్కి తూలుతుంటే నలుగురూ నవ్వరా? కుచ్చిళ్లు గొలుసులో పడితే పరువేం కాను? కొత్త వాహనం అమ్మేవాడికి ధర కన్నా పెద్ద అడ్డంకి ఈ సిగ్గే. హెచ్. బోస్ దానికి విరుగుడు కనిపెట్టాడు. ఊళ్లో ఎవర్ని చూస్తే జనం చేతులు జోడిస్తారో, వాళ్లకే సైకిలు నేర్పాడు.

ఆయన దగ్గర సైకిలు నేర్చుకున్నవారిలో జగదీశ్ చంద్రబోస్ ఉన్నాడు. తీగ లేకుండా విద్యుత్ తరంగాలు పంపి చూపిన శాస్త్రవేత్త. ప్రఫుల్ల చంద్ర రాయ్ ఉన్నాడు. బెంగాల్ కెమికల్స్ స్థాపించి, భారతీయ రసాయన పరిశ్రమకు పునాది వేసిన ఆచార్యుడు. నీలరతన్ సర్కార్ ఉన్నాడు. కలకత్తాలో పేరుమోసిన వైద్యుడు. 1903 నాటికి ముగ్గురికీ నలభై దాటాయి. ఆ వయసులో, ఆ హోదాలో, ఒకరు వెనక సీటు పట్టుకుంటే బ్యాలెన్సు కోసం తిప్పలు పడటానికి సిద్ధపడ్డారంటే అది ఆటవిడుపు మాత్రమే కాదు. తన బరువు తానే మోసుకోవడం పెద్దరికానికి తక్కువ కాదని వాళ్లు వీధిలో చూపించినట్టయింది. ఆ తరవాత ఒక గుమాస్తా సైకిలెక్కితే నవ్వే ధైర్యం ఎవరికుంటుంది?

సైకిలుతో ఆయన ఆగలేదు. నగరంలో మోటారు కారు కొన్న తొలి భారతీయుల్లో ఒకడయ్యాడు. గ్రేట్ ఈస్టర్న్ మోటార్ కంపెనీ పేరుతో కార్ల వ్యాపారమూ పెట్టాడు. కొత్త బండి ఏది వచ్చినా ముందు తాను నడపడం, తరవాత అమ్మడం ఆయన పద్ధతి.

స్వదేశీ నూనె, విదేశీ చక్రం

1905లో బెంగాల్ విభజన జరిగింది. విదేశీ వస్తువుల్ని మంటల్లో వేసే రోజులొచ్చాయి. హెచ్. బోస్ స్వదేశీవాది. ఆయన నూనె, సెంటు స్వదేశీ సరుకే. మరి సైకిలు? గొట్టం, బేరింగు, టైరు అన్నీ ఓడ దిగినవే. దేశంలో టాటాల ఉక్కు 1912లో గానీ పోతకు రాలేదు. స్వదేశీ సైకిలు తయారుచేద్దామన్నా ముడిసరుకు లేదు. ఆ కాలపు పారిశ్రామికులందరి మెడకూ చుట్టుకున్న చిక్కు ఇది. యంత్రం వాళ్లది, దాంతో వచ్చే స్వేచ్ఛ మనది.

ఆయన ఆ చిక్కును దాటింది రికార్డుల్లో. 1906లో ధర్మతల్లాలోని మార్బుల్ హౌస్‌లో టాకింగ్ మెషిన్ హాల్ తెరిచాడు. ఫోనోగ్రాఫు పరదేశానిదే, కానీ మైనపు సిలిండర్ మీద పలికే గొంతు ఈ నేలది. రవీంద్రనాథ్ ఠాగూర్ చేత పాడించి రికార్డు చేశాడు. స్వదేశీ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్నప్పుడు ఆ పాటలు హెచ్. బోస్ రికార్డులుగా ఇళ్లలో మోగాయి. తరవాత ఫ్రాన్సుకు చెందిన పాథే కంపెనీతో కలిసి డిస్కులూ తెచ్చాడు.

వ్యాపారం మాత్రం ఎంతోకాలం నిలవలేదు. పళ్లేల్లాంటి డిస్కుల ముందు సిలిండర్లు ఓడిపోయాయి. 1908లో గ్రామఫోన్ కంపెనీ సియాల్దా దగ్గర సొంత కర్మాగారమే పెట్టేసింది. మైనం పెళుసు. విరిగినవి విరగ్గా, బూజుపట్టినవి పట్టగా ఆ సిలిండర్లలో మిగిలినవి బహు తక్కువ. ఠాగూర్ గొంతులో వందేమాతరం ఇవాళ వినగలుగుతున్నామంటే అది హెచ్. బోస్ చలవే. 1916లో ఆయన కన్నుమూశాడు. యాభై చిల్లర ఏళ్లు బతికాడు.

మిగిలినవి

ఆయన భార్య మృణాళిని, ముద్రణారంగ నిపుణుడు ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురికి చెల్లెలు. అంటే సుకుమార్ రాయ్‌కి మేనత్త. సత్యజిత్ రాయ్ ఈ కుటుంబంలోనే, హేమేంద్రమోహన్ పోయిన అయిదేళ్లకు పుట్టాడు. కొత్త యంత్రం కనబడితే విప్పి చూసే బుద్ధి పిల్లలకూ అబ్బింది. కొడుకుల్లో నితిన్ బోస్ సినిమా దర్శకుడయ్యాడు. 1935లో ఆయన భాగ్యచక్ర తీసినప్పుడు పాటను ముందే రికార్డు చేసి నటులు పెదవులు కదిపే నేపథ్యగానం పద్ధతి హిందీ, బెంగాలీ చిత్రాల్లో స్థిరపడింది. ఆ శబ్దం పని చూసింది ఆయన సోదరుడు ముకుల్ బోస్. కార్తీక్, గణేశ్ క్రికెట్‌లో పేరు తెచ్చుకున్నారు. కూతురు మాలతీ ఘోషాల్ రవీంద్ర సంగీత గాయని.

సైకిలు కథ ఆయన తరవాత కూడా సాగింది. స్వాతంత్ర్యం వచ్చాక బెంగాల్‌లోని ఆసన్‌సోల్ దగ్గర సేన్ రాలే కర్మాగారం వెలిసింది. దిగుమతి సరుకుగా వచ్చిన సైకిలు దేశీయమైంది, చవకైంది, పాలవాడికీ పేపరు కుర్రాడికీ అందింది. సోకు మాత్రం ఇంకో బండికి మారింది. 1946లో ఇటలీలో 98 సీసీ ఇంజినుతో వెస్పా వచ్చింది. రెండేళ్లకే బజాజ్ సంస్థ దాన్ని మన దేశానికి తెచ్చింది. స్కూటరు కోసం ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డ తరం ఇంకా మన మధ్యే ఉంది. హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ కూడా ఆ ఆశల్లో పుట్టిందే. కష్టపడకుండా, ఎవరి మీదా ఆధారపడకుండా, నలుగురిలో ముచ్చటగా తిరగడం అనే కోరికను హెచ్. బోస్ సైకిలు రేపితే, స్కూటరు తీర్చింది.

2013లో కోల్‌కతా పోలీసులు నగరంలోని 170కి పైగా రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. ట్రాఫిక్ నెమ్మదిస్తోందన్నది కారణం. తొక్కినవాళ్లకు జరిమానాలు పడ్డాయి. ఇళ్లలో పనిచేసేవాళ్లు, సరుకులు చేరవేసేవాళ్లు, చిన్న జీతగాళ్లు వీధికెక్కి నిరసన తెలిపారు. సైకిలెక్కడం పెద్దమనిషి పరువుకు తక్కువన్న కాలంలో హెచ్. బోస్ జగదీశ్ బోస్‌నీ ప్రఫుల్ల చంద్ర రాయ్‌నీ తోడు తెచ్చుకున్నాడు. ఈసారి జరిమానా కట్టినవాళ్ల వెనక సీటు పట్టుకోవడానికి అలాంటి పెద్దలు రాలేదు.