జాన్ కేజ్ చరిత్రము

1993వ సంవత్సరమున అమెరికాలో ఏ చాన్స్ ఆపరేషన్ అను పేరుతో రెండు డిస్కుల సంగీత సంపుటి యొకటి వెలువడెను. చాన్స్ అనగా యాదృచ్ఛికము. అంతకు ముందటి యేట గతించిన జాన్ కేజ్ అను స్వరకర్తకు తోడి సంగీతకారులు సమర్పించిన నివాళి యది. అందు ఫ్రాంక్ జప్పా అను ప్రఖ్యాత సంగీతకారుడు తన వంతుగా నిచ్చిన భాగమున ఒక్క స్వరమైనను వాయింపబడలేదు. ఇది పరిహాసమని నవ్వబోవు మా విద్యార్థులు ఆ స్వరకర్త జీవితమును కొంచెము తెలిసికొనిన పిమ్మట నవ్వుదురు గాక.

కేజ్ 1912వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన లాస్ ఏంజిలిస్ నగరమున జన్మించెను. తండ్రి నూతన యంత్రములను కల్పించువాడు. ఉన్నత పాఠశాలలో చదువుచుండగా 1927లో బాలుడు దక్షిణ కాలిఫోర్నియా వక్తృత్వపు పోటీలో ప్రథముడయ్యెను. తన దేశము కొంతకాలము మౌనము వహించినచో ఇతరులేమి తలచుచున్నారో వినవచ్చునని అతడందు వాదించెను. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

తరువాత పొమోనా కళాశాలలో చేరెను. అక్కడి గ్రంథాలయమున నూర్గురు విద్యార్థులు ఒకే గ్రంథమును చదువుచుండుట చూచి, తాను లోపలి బీరువాల యొద్దకు పోయి, ఇంగ్లీషు అక్షరమాలలో కడపటి యక్షరముతో పేరు మొదలగు గ్రంథకర్త పుస్తకము నొకదానిని తీసి చదివి, పరీక్షలో అందరికంటె హెచ్చు మార్కులు పొందెనని ఆయనయే చెప్పుకొనెను. ఇట్టి చోట నేర్చుకొనవలసిన దేమియు లేదని కళాశాలను విడిచెను. ఉపాధ్యాయులమగు మాకు ఈ కథ అంత వినసొంపు కాదు. అయినను చరిత్రను దాచరాదు గదా.

యూరపులో కొంతకాలము తిరిగి వచ్చి, 1930 తరువాతి సంవత్సరములలో ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ అను మహావిద్వాంసుని శిష్యుడయ్యెను. గురుదక్షిణ యిచ్చుకొను స్తోమత లేదు. జీవితమంతయు సంగీతమునకే యర్పింతువా యని గురువడుగగా ఆయన సమ్మతించెను. గురువు ఉచితముగా బోధించెను. అయితే పాశ్చాత్య సంగీతమునకు ప్రాణమనదగిన స్వరమేళనమునందు శిష్యునకు అభిరుచి లేదని గురువు కనిపెట్టెను. అది లేనివానికి దాటరాని గోడ యడ్డమగునని హెచ్చరించెను. అట్లయిన ఆ గోడకు తల మోదుకొనుచు జీవితము గడపెదనని శిష్యుడు పలికెను.

గోడ ఎదుట నిలిచినవాడు ప్రక్కత్రోవ వెదకెను. సియాటిల్ నగరమున నాట్యములకు సంగీతము కూర్చుచుండగా, 1940 ప్రాంతమున, డప్పుల బృందమునకు చాలని చిన్న రంగస్థలము ఎదురయ్యెను. అప్పుడాయన పియానో తంత్రుల నడుమ మరమేకులు మొదలగు వస్తువులను బిగించి, ఒక్క వాద్యము నుండియే వాద్యబృందపు ధ్వనులను పుట్టించెను. ఇట్టి పియానోకొరకు 1946 మొదలు 1948 వరకు రచించిన సొనాటాలును ఇంటర్లూడ్లును మన దేశమునకు సంబంధించినవి. వానియందు భారతీయుల నవరసములను వెలువరింప నెంచెను. 1946లో అహమ్మదాబాదు నుండి న్యూయార్కు వచ్చిన గీతా సారాభాయి గారు ఆయనకు మన సంగీతమును తత్త్వమును బోధింపగా, ఆయన పాశ్చాత్య సంగీతమును ఆమెకు ఉచితముగా నేర్పెను. మనస్సును శాంతింపజేసి దైవప్రేరణకు అనువుగా జేయుటయే సంగీత ప్రయోజనమని ఆమె వలన విని, దానినే యావజ్జీవము నమ్మెను.

1951లో క్రిస్టియన్ వుల్ఫ్ అను పదునారేండ్ల శిష్యుడు ఆయనకు ఐ చింగ్ అను ప్రాచీన చీనా శకున గ్రంథమును బహూకరించెను. అందు అరువదినాలుగు చిహ్నములు కలవు. మూడు నాణెములను ఆరుమారు లెగురవేసినచో వానిలో నొకటి లభించును. కేజ్ అరువదినాలుగు గడుల పట్టికలను గీసెను: ధ్వనులకొకటి, కాలప్రమాణమున కొకటి, హెచ్చుతగ్గుల కొకటి. ధ్వనుల పట్టికలో సగము గడులు నిశ్శబ్దములే. ఏ క్షణమున ఏది రావలెనో నాణెములు నిర్ణయించును. అట్లు మ్యూజిక్ ఆఫ్ చేంజెస్ అను పియానో కృతిని నెలల తరబడి కూర్చెను. చేతికి వచ్చినదెల్ల వ్రాయుట కాదిది. ప్రశ్నను జాగ్రత్తగా ఏర్పరచి, వచ్చిన సమాధానము తన కిష్టము లేకున్నను మార్చకుండుట. తన యిష్టానిష్టముల నుండి తానే విముక్తుడగుట ఆయన కోరిక. ఈ నియమము కష్టతరమైనదని ఒప్పుకొందుము. నవరసముల కృతిని సంతోషముతో వింటిమి గాని, నాణెముల కృతిని తుదవరకు వినుటకు ఓర్పు కావలసివచ్చినది.

1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్ గ్రామమున, అడవి నడుమ నున్న కచేరీ మందిరములో డేవిడ్ ట్యూడర్ పియానో ముందు గూర్చుండి మూత మూసెను. మూడు భాగములలో నాలుగు నిమిషముల ముప్పదిమూడు సెకండ్లు ఏమియు వాయింపలేదు. మొదట గాలి చప్పుడును, పిమ్మట పైకప్పుపై వానచినుకులును, కడపట లేచిపోవు శ్రోతల గొణుగుడును వినబడెనని కేజ్ చెప్పెను. కొందరు కోపగించిరి. ఈసారి కొడుకు హద్దు మీరినాడేమో యని కన్నతల్లియే ఒక మిత్రుని నడిగెనట. ఆయన మాత్రము తన రచనలన్నిటిలో దీనినే మిక్కిలి ప్రేమించెను. జప్పా సంపుటిలో సమర్పించినది ఇదియే.

పేదరికము చాలకాలము వదలలేదు. అడవులలో పుట్టగొడుగులను ఏరుచు వానిని గూర్చి ఎంతో నేర్చి, 1959లో ఇటలీ టెలివిజనులో ప్రశ్నల పోటీయందు ఏబది లక్షల లీరాలు గెలుచుకొనెను. ఆ ధనముతో తనకొక పియానోయు, మెర్స్ కన్నింగ్‌హామ్ నాట్యబృందమునకొక మోటారు బండియు కొనెను. ఆ బృందము 1964లో మన దేశమునకును వచ్చెను. 1992 ఆగస్టు 12న న్యూయార్కులో ఆయన మరణించెను.

ఆయన 1987లో ఆర్గాను వాద్యమునకు వ్రాసిన కృతి యొకటి, వీలైనంత మెల్లగా వాయింపుమను నియమముతో నున్నది. ఎంత మెల్లగానో చెప్పలేదు. జర్మనీ దేశములోని హాల్బర్‌స్టాట్ నగరమున, సెయింట్ బుర్కార్డి అను పురాతన దేవాలయములో దానిని 639 సంవత్సరములు వాయింప నిశ్చయించి 2001 సెప్టెంబరు 5న ఆరంభించిరి. కృతి మౌనముతో మొదలగుటచే మొదటి పదునేడు నెలలు తిత్తులలోని గాలి చప్పుడు తప్ప వేరు ధ్వని లేదు. 2003 ఫిబ్రవరిలో మొదటి స్వరములు పలికెను. 2024 ఫిబ్రవరి 5న స్వరము మారినప్పుడు దూరదేశముల నుండి జనులు వచ్చి నిలిచి వినిరి. కడపటి స్వరము 2640లో ముగియవలసి యున్నది.