గాజుతొట్టిలో సమతూకం: రాబర్ట్ వారింగ్‌టన్ జీవితం

మొక్కలతో అక్వేరియం పెంచేవాళ్ళు యివాళ చాలా పని యంత్రాలకే వొప్పజెబుతున్నారు. వేళకు లైటు తనంతట వెలిగి ఆరుతుంది. నీళ్ళు చల్లబడితే హీటరు పనిచేస్తుంది, తగినంత వేడెక్కగానే ఆగిపోతుంది. సిలిండరు నుంచి బొగ్గుపులుసు వాయువు కొలత ప్రకారం నీళ్ళలోకి వెళుతుంది. ఏదైనా తేడా వస్తే యజమాని ఏ వూళ్ళో వున్నా సెల్‌ఫోనుకు కబురందుతుంది. విద్యుద్దీపం కూడా యిళ్ళకు రాని రోజుల్లో, 1849లో, లండనులో వొక రసాయన శాస్త్రజ్ఞుడు యీ సమస్యనే మరో దారిలో పట్టుకున్నాడు. ఆయనే రాబర్ట్ వారింగ్‌టన్.

వారింగ్‌టన్ 1807లో ఇంగ్లండులోని షీర్నెస్ రేవుపట్టణంలో పుట్టాడు. బడి చదువు కాగానే జాన్ థామస్ కూపర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి దగ్గర పని నేర్చుకున్నాడు. 1828లో లండనులో కొత్తగా తెరిచిన విశ్వవిద్యాలయంలో, అదే తరువాత యూనివర్సిటీ కాలేజీ అయింది, ఆచార్య ఎడ్వర్డ్ టర్నర్‌కు సహాయకుడిగా చేరాడు. ఆ తరువాత కొన్నేళ్ళు వొక బీరు కంపెనీలో రసాయనికుడిగా పనిచేశాడు. 1842 నుంచి మందులు తయారుచేసే అపోథెకరీస్ హాల్‌లో వుద్యోగం. చైనా నుంచి వచ్చే ఆకుపచ్చ తేయాకును పరీక్షించి, దానికి రంగు కోసం ప్రష్యన్ బ్లూ అద్దుతున్నారని తేల్చినవాడు కూడా ఆయనే.

సంఘాలు పెట్టే మనబోటి వాళ్ళు ఆయన్ను మరో కారణానికి కూడా తలచుకోవాలి. అప్పట్లో లండనులో రసాయన శాస్త్రజ్ఞులకు నిలకడగా సాగే సంఘమంటూ లేదు. వారింగ్‌టన్ వాళ్ళనూ వీళ్ళనూ కలిసి, వుత్తరాలు రాసి, 1841లో కెమికల్ సొసైటీ ఏర్పడడానికి ముఖ్యకారకుడయ్యాడు. అధ్యక్షపీఠం థామస్ గ్రాహంకు దక్కింది. వారింగ్‌టన్ పదేళ్ళపాటు కార్యదర్శిగా చాకిరీ చేశాడు.

యిక తొట్టి సంగతి. వెలుతురు తగిలిన పచ్చని ఆకు ప్రాణవాయువును విడుస్తుందని పద్ధెనిమిదో శతాబ్దంలోనే ప్రీస్ట్‌లీ, ఇంగెన్‌హౌజ్ చూపించి వున్నారు. అదే నిజమైతే, నీళ్ళు మార్చకుండా చేపను బతికించడం సాధ్యమా అన్నది వారింగ్‌టన్ ప్రశ్న. పన్నెండు గ్యాలన్లు పట్టే గాజుపాత్రలో సగం దాకా నీళ్ళు పోసి, అడుగున యిసుక, మట్టి, రాళ్ళు పరిచాడు. రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. మనం వృక్షశాస్త్రంలో నీటి ద్వారా పరాగ సంపర్కానికి వుదాహరణగా చదువుకునే వాలిస్నేరియా మొక్కను నాటాడు.

కొన్నాళ్ళు బాగానే సాగింది. ఆ తరువాత పాత ఆకులు కుళ్ళడం మొదలైంది. నీళ్ళు మసకబారాయి, గాజుకు నాచు పట్టింది, చేపలకు ముప్పు వచ్చింది. వారింగ్‌టన్ పాత్రను పారబోసి చేతులు దులుపుకోలేదు. సహజమైన చెరువులో యీ కుళ్ళును ఎవరు తింటున్నారా అని ఆలోచించి, అయిదారు నీటినత్తలను తెచ్చి వదిలాడు. నత్తలు కుళ్ళిన ఆకునూ నాచునూ తినేశాయి. నీళ్ళు తేటపడ్డాయి. నత్తలు పెట్టిన గుడ్లు చేపలకు ఆహారమయ్యాయి. యీ ఫలితాన్ని 1850లో తన కెమికల్ సొసైటీకే నివేదించాడు. తరువాత సముద్రపు నీటితోనూ ప్రయత్నించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల గృహం తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం మోజు ఇంగ్లండు యిళ్ళను ముంచెత్తింది.

అయితే వారింగ్‌టన్ లెక్కలో వొక అంకె లోపించింది. చేప విసర్జించే అమ్మోనియా చేపకే విషం. అది ఏమవుతున్నదో ఆయనకు తెలియదు. విచిత్రమేమిటంటే, ఆ సంగతి తేల్చినవారిలో వొకడు ఆయన కొడుకే. పేరు కూడా రాబర్ట్ వారింగ్‌టనే. యితడు రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ, మట్టిలోని సూక్ష్మజీవులు అమ్మోనియాను ముందు నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా రెండు మెట్లలో మారుస్తాయని చూపాడు. ఆ జీవులను విడదీసి పెంచిన ఘనత మటుకు 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీకి దక్కింది. తండ్రి తొట్టి అడుగున యిసుకలో యిదే పని కంటికి కనబడకుండా జరుగుతూ వచ్చింది. ఆ మాట వినడానికి తండ్రి లేడు. 1867లోనే కన్నుమూశాడు.

యీ తండ్రీకొడుకుల కథ నేటి యంత్రాలకూ వర్తిస్తుంది. రాత్రిపూట మొక్కలు కూడా ప్రాణవాయువునే పీలుస్తాయి. అందుకే లైటు ఆరేసరికి బొగ్గుపులుసు వాయువు కూడా ఆగేటట్టు మీటను అమరుస్తారు. ఆ కవాటం తెరుచుకునే వుండిపోతే తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. యంత్రం తనకు అప్పగించిన లెక్కనే చూస్తుంది. ఆకు ఎందుకు కుళ్ళింది, దాన్ని తినవలసిన జీవి ఏది, లెక్కలో రాని అంకె ఎక్కడుంది అన్నవి మనిషి అడగవలసిన ప్రశ్నలు. నీళ్ళు చెడ్డ రోజున వారింగ్‌టన్ అడిగింది అదే. ప్రయోగశాలలో మన ప్రయోగం చెడిన రోజున, తొట్టెను కడిగి బోర్లించే ముందు, మనమూ అదే అడగడం నేర్చుకుంటే చాలు.