పొలం కూలీల సమ్మె నడిపిన అయ్యంకాళి

సమ్మె అనగానే మనకు ఫ్యాక్టరీ గేటు గుర్తొస్తుంది. కానీ ఊళ్లల్లో ఎర్రజెండా ఎగరక ముందే పొలం కూలీలు పని మానేసి భూస్వాములను దారికి తెచ్చిన చరిత్ర మన దేశంలో ఉంది. ఆ సమ్మె నడిపినవాడు తిరువాన్కూరు సంస్థానపు అయ్యంకాళి.

1863లో తిరువనంతపురం దగ్గర వెంగానూరులో, పులయ కులంలో పుట్టాడాయన. సంస్థానం 1855లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. అది కాగితం మీది మాట. దున్నేదీ, నాటేదీ, కోసేదీ పులయలే. అయినా వాళ్లు రాజవీధిన నడవరాదు, బడి మెట్లెక్కరాదు. ఎదురు మాట్లాడితే దెబ్బలు. 1893లో అయ్యంకాళి తలపాగా చుట్టి, ఎడ్లబండి కట్టి ఆ వీధినే తోలుకుపోయాడు. అడ్డమొచ్చిన వాళ్లకు జడవలేదు.

1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టాడు. పిల్లల్ని బడిలో చేర్చుకోమని కోరితే, సర్కారు సరేనన్నా పెత్తందార్లు పడనివ్వలేదు. అప్పుడు కూలీలు తేల్చి చెప్పేశారు. మా పిల్లలకు బడిలో చోటు లేనన్నాళ్లూ మీ పొలాల్లో మా కాలు పెట్టమన్నారు. కొరడా దెబ్బలు ఆపాలన్నారు.

భూస్వాములు మొదట నవ్వుకున్నారు. ఆకలేస్తే వాళ్లే వస్తార్లే అనుకున్నారు. ఎవరూ రాలేదు. పొలాల్లో గడ్డి మొలిచింది. గుడిసెలు తగలబెట్టారు, కొట్టారు. అయినా కూలీలు చెదరలేదు. ఎలా నిలిచారన్నదే మనం తెలుసుకోవాల్సిన సంగతి. అయ్యంకాళి సముద్రపొడ్డున బెస్తవాళ్లతో మాట్లాడాడు. కూలీలను తమ పడవల మీద వేటకు తీసుకుపోయి, పట్టిన చేపల్లో వాటా ఇచ్చారు వాళ్లు. పేదకు పేదే ఆసరా అయ్యాడు. చివరికి భూస్వాములు దిగొచ్చారు. మేజిస్ట్రేటు మధ్యవర్తిత్వంలో రాజీ కుదిరింది. కూలి పెరిగింది.

దాంతో పోరు అయిపోలేదు. ఊరూట్టంబలంలో పంచమి అనే పిల్లను బడికి తీసుకెళితే, ఆ బడికే నిప్పు పెట్టారు. అయ్యంకాళి వెనక్కి తగ్గలేదు. 1912లో శ్రీమూలం ప్రజాసభలో సభ్యుడుగా తనవాళ్లకు భూమి కావాలని అడిగాడు. 1941లో కన్నుమూశాడు. అక్షరం రాని మనిషే అక్షరం కోసం సమ్మె చేయించాడు.

అన్యాయం జరిగితే ఒక్కడు అలిగి ఇంట్లో కూర్చుంటే ఆసామికి ఏమీ కాదు, మరో కూలీని పిలుచుకుంటాడు. ఊరంతా ఒక్కటై కూర్చుంటే పొలమే బీడవుతుంది. అలా కూర్చునే ముందు పొయ్యి మీదికి గింజలెక్కడి నుంచి వస్తాయో చూసుకోవాలి. పక్క శ్రమజీవితో చెయ్యి కలపాలి. ఆ సమ్మె గెలిచింది ఆ కట్టుబాటు వల్లే.