రాగితీగ, జింకు గోళములు: హైన్‌రిష్ హెర్ట్జ్ జీవితము

రేడియో వినే ఇండ్లలో కిలోహెర్ట్జ్, మెగాహెర్ట్జ్ అనే మాటలు కొత్తవి కావు. ఆ మాటల చివర నిలిచినది ఒక మనిషి ఇంటిపేరు. ఆయన ముప్పది ఆరు సంవత్సరములు మాత్రమే జీవించి 1894 జనవరి 1వ తేదీన కన్నుమూసినారు. ఆకాశవాణిని ఆయన వినలేదు, దూరదర్శన్‌ను చూడలేదు. ఆయన చూచినది చీకటి గదిలో రెండు లోహపు మొనల నడుమ మెరిసి మాయమైన చిన్న నిప్పురవ్వను. ఆ రవ్వ కొరకు ఆయన తన చేతులతో అమర్చుకొన్న తీగయే నేడు మన మేడల మీద, గోపురముల మీద కనిపించే ఏంటెన్నాలకు మాతృక.

హైన్‌రిష్ రుడోల్ఫ్ హెర్ట్జ్ 1857 ఫిబ్రవరి 22న జర్మనీలోని హాంబర్గ్ నగరములో జన్మించినారు. తండ్రి గుస్తావ్ హెర్ట్జ్ న్యాయవాది. తరువాత నగర సెనేటరు అయినారు. తండ్రి వంశము మూలమున యూదులది. ఆయన బాల్యముననే కుటుంబము లూథరన్ క్రైస్తవమును స్వీకరించినది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలెనని మా మనవి. దీనితో ముందు పని యున్నది.

బాలుడైన హెర్ట్జ్‌కు రెండు వ్యసనములు. ఒకటి భాషలు. గ్రీకు అటుండగా, ఆయన అరబ్బీ కూడ నేర్చినారు. నేర్పిన గురువు ఆ పిల్లవాని ధారణకు ఆశ్చర్యపడి, వీనిని ప్రాచ్యభాషల పండితునిగా చేయుమని తండ్రికి సలహా యిచ్చినారట. ఈ సంచికను కుడివైపు నుండి తెరచి చదివే మా ఉర్దూ మిత్రులకు ఈ మాట ప్రత్యేకముగా సంతోషము కలిగించవచ్చును. రెండవ వ్యసనము చేతిపని. ఇంటిలో వడ్రంగి బల్ల, తరిమెన ఉండేవి. ఆదివారములందు వృత్తివిద్యా పాఠశాలకు పోయి రేఖాచిత్రణము నేర్చేవారు. తరిమెన పట్టడము నేర్పిన పనివాడు, చాల యేండ్ల తరువాత తన శిష్యుడు ప్రొఫెసరు అయినాడని విని, ఎంత మంచి తరిమెన పనివాడు చేయి జారిపోయినాడని విచారించినాడట. ఆ విచారములోని మెప్పు విశ్వవిద్యాలయ పట్టమునకు తక్కువది కాదు.

మొదట ఇంజనీరు కావలెనని డ్రెస్డెన్ చేరినారు. ఒక సంవత్సరము సైనిక సేవ చేసినారు. మ్యూనిచ్‌లో చదువుచుండగా మనస్సు శుద్ధ విజ్ఞానము వైపు మరలినది. 1878లో బెర్లిన్ చేరి హెల్మ్‌హోల్ట్జ్, కిర్కాఫ్ మహాశయులకు శిష్యులైనారు. 1880లో డాక్టరు పట్టము పొందినారు. ఆ కాలమున భౌతికశాస్త్రములో ఒక పెద్ద తగవు తీరక నిలిచియున్నది. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ 1865లో ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము వెలుగు విద్యుదయస్కాంత తరంగము. అటువంటి తరంగములను విద్యుత్తుతోనే పుట్టించవచ్చునని ఆ గణితము సూచించినది. పుట్టించి చూపినవారు లేరు. దీనికి సంబంధించిన ఒక సమస్యను హెల్మ్‌హోల్ట్జ్ 1879లోనే శిష్యుని ముందుంచినారు. హెర్ట్జ్ లెక్క కట్టి, కావలసినంత వేగముగల విద్యుత్ కంపనములు తన వద్దనున్న సాధనములతో సాధ్యము కావని ప్రక్కన పెట్టినారు. ప్రక్కన పెట్టినారే కాని మరచిపోలేదు. 1883లో కీల్ విశ్వవిద్యాలయమునకు ఉపన్యాసకులుగా పోయినారు. అచ్చట ఆయనకు తగిన ప్రయోగశాల లేదు. కాగితము, కలము మిగిలినవి. 1884లో మాక్స్‌వెల్ సిద్ధాంతముపై ఒక ముఖ్యమైన వ్యాసము వ్రాసినారు.

1885లో కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయములో ప్రొఫెసరు పదవి లభించినది. మరు సంవత్సరము సహోద్యోగి కుమార్తె ఎలిజబెత్ డాల్‌ను వివాహమాడినారు. అదే 1886 శరత్తులో, పాఠములు చెప్పునపుడు చూపే పాత సామగ్రిలోని రెండు తీగచుట్టలతో పనిచేయుచుండగా ఒక విశేషము కంటబడినది. ఒక చుట్టలో నిప్పురవ్వ పుట్టించగా, దానితో కలయిక లేని రెండవ చుట్టలోను రవ్వ కనిపించినది. ఏడేండ్ల క్రిందట సాధ్యము కాదనుకొన్న వేగవంతమైన కంపనము చేతికి దొరికినదని ఆయనకు తోచినది.

ఇక ఆయన చేసిన అమరికను కొంచెము నిదానముగా చూడవలెను. సుమారు 5 మిల్లీమీటర్ల మందము గల రాగితీగను తిన్నగా సాగదీసి, నడుమ తెగగొట్టి, ఆ ఎడమున రెండు చిన్న గుండ్లను ముక్కాలు సెంటీమీటరు దూరములో నిలిపినారు. తీగ బయటి కొసలకు 30 సెంటీమీటర్ల వ్యాసము గల జింకు గోళములు తగిలించినారు. నడుమ ఎడమునకు రెండు వైపుల నుండి ప్రేరణచుట్టను కలిపినారు. చుట్ట పనిచేయగానే ఎడములో రవ్వ దూకును. విద్యుత్తు ఆ తీగలో అటునిటు అతివేగముగా ఊగును. ఇది ప్రేషకము. గ్రాహకము ఇంతకంటె సామాన్యమైనది: రాగితీగను చతురస్రముగా గాని వలయముగా గాని వంచి, రెండు కొసలను దాదాపు తాకునట్లు నిలిపి, ఆ సందును మరతో హెచ్చుతగ్గులు చేయు ఏర్పాటు. దానికి బ్యాటరీ లేదు, మరి దేనితోను సంబంధము లేదు. ప్రేషకములో రవ్వ పుట్టినపుడు ఈ ఒంటరి వలయపు సందులో కూడ మిల్లీమీటరులో చిన్న భాగమంత రవ్వ మెరసినది. అది కనబడుటకు గది చీకటిగా ఉండవలెను, కన్ను ఆ చీకటికి అలవాటుపడవలెను.

ఆ రవ్వ బాగుగా కనబడుటకై గ్రాహకమును చీకటి పెట్టెలో ఉంచగా అది బలహీనమైనది. ఎందుకని పట్టుదలగా వెదకి, ప్రేషకపు రవ్వ నుండి వచ్చే అతినీలలోహిత కాంతి అడ్డుపడుటయే కారణమని 1887లో తేల్చినారు. తరువాత ఐన్‌స్టీన్ 1905లో వివరించిన కాంతివిద్యుత్ ఫలితమునకు ఇదియే మొదటి జాడ. దారిలో దొరికిన ఈ నిధిని ప్రకటించి, దానిని ఇతరులకు వదలి, ఆయన తన పనికి తిరిగిపోయినారు.

1888లో ఆయన సుమారు 15 మీటర్ల పొడవు గల ఉపన్యాసశాలను ప్రయోగశాలగా చేసికొన్నారు. అడ్డుగా ఉన్న దీపముల గుత్తులను తీయించినారు. ఒక గోడకు 4 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు గల జింకు రేకు బిగించినారు. వచ్చే తరంగము, రేకు తగిలి తిరిగివచ్చే తరంగము కలిసి స్థిరతరంగము ఏర్పడినది. వలయమును చేతపట్టి ముందుకు, వెనుకకు నడచి, రవ్వ హెచ్చే చోట్లు, నశించే చోట్లు గుర్తించి తరంగదైర్ఘ్యమును కొలిచినారు. పిమ్మట 26 సెంటీమీటర్ల ఇత్తడి ప్రేషకమును చేసి, జింకు రేకును చెక్క చట్రముపై పరవలయముగా వంచి దర్పణము తయారుచేసినారు. తరంగదైర్ఘ్యము 66 సెంటీమీటర్లకు దిగినది. ఆ కిరణము మూసిన చెక్క తలుపు గుండా పోయి ప్రక్క గదిలో రవ్వ పుట్టించినది. వక్రీభవనము చూపుటకు 600 కిలోగ్రాములకు పైబడిన తారు పట్టకమును పోతపోయించినారు. గ్రాహక దర్పణమును అడ్డముగా త్రిప్పగా రవ్వ మాయమైనది, ధ్రువణము రుజువైనది. వెలుగు చేసే పనులన్నియు ఈ తరంగము చేసినది. 1888 డిసెంబరులో బెర్లిన్ అకాడమీకి నివేదిక చేరినది. మాక్స్‌వెల్ దీనిని చూడలేదు. ఆయన 1879లోనే మరణించినారు.

జింకు రేకు, రాగితీగ, తారు, చెక్క. ప్రయోగశాలల వ్యయ పట్టికలను పరిశీలించే కార్యవర్గ సభ్యులు ఈ జాబితాను ఒకసారి చూడవలెను. ప్రేరణచుట్ట ఒక్కటే కొంచెము ఖరీదైన వస్తువు.

నడుమ తెగి రెండు చేతులుగా చాచిన ఆ తీగను నేడు డైపోల్ అందురు. లైసెన్సు పొంది, అభిరుచి కొలది ఇంటినుండి రేడియో ప్రసారము చేయు హామ్‌లకు ఇది ప్రియమైన ఏంటెన్నా. మన హైదరాబాదులో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యలో శిక్షణ యిచ్చినది. లెక్క సులభమైనది. 143ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యముచే భాగించిన, అర్ధతరంగ తీగ పొడవు మీటర్లలో వచ్చును. 7.1 మెగాహెర్ట్జ్‌కు సుమారు 20 మీటర్లు. అనగా ఒక్కొక్క చేయి 10 మీటర్లు. నడుమ ప్లాస్టిక్ పైపు ముక్క నుంచి, ఒక చేతికి కోయాక్సియల్ కేబులు లోపలి తీగను, రెండవ చేతికి పై అల్లికను అతికి, కొసలకు పింగాణి గుండ్లు కట్టి, నైలాన్ త్రాడుతో వేపచెట్టుకు, మేడ పిట్టగోడకు నడుమ లాగి కట్టిన చాలును. కరెంటు తీగలకు దూరముగా ఉండవలెను. ఉరుముల వేళ కేబులు విడదీయవలెను. హెర్ట్జ్ తీగకు కొసలయందు గోళములు కలవు, మన తీగకు లేవు. గోళము తగిలించిన, చిన్న తీగయే పెద్ద తీగవలె ఊగును. అంతకుమించి మూలమున భేదము లేదు.

1889లో ఆయన బాన్ విశ్వవిద్యాలయమునకు మారినారు. ఆ సంవత్సరమే ఒక ఇంజనీరు ఈ తరంగములతో టెలిఫోను మాటలను పంపవచ్చునా అని వ్రాసి అడిగినారు. టెలిఫోను కంపనములు మందమైనవి, వాని తరంగదైర్ఘ్యము వందల కిలోమీటర్లు, వానిని మరల్చే దర్పణము ఒక ఖండమంత ఉండవలెనని ఆయన బదులిచ్చినారు. అడిగిన ప్రశ్నకు ఆ లెక్క సరియైనదే. వేగమైన తరంగముపై మందమైన మాటను ఎక్కించే ఉపాయము తరువాతివారిది.

1892 నుండి జబ్బు పట్టుకొన్నది. శస్త్రచికిత్సలు జరిగినవి, నొప్పుల నడుమనే యాంత్రికశాస్త్ర మూలసూత్రములపై చివరి గ్రంథము వ్రాసినారు. దానిని ఆయన మరణానంతరము అచ్చుకు సిద్ధము చేసినవాడు సహాయకుడైన ఫిలిప్ లెనార్డ్. 1905లో నోబెల్ బహుమానము పొందిన ఈ లెనార్డే, తరువాత ఆర్య భౌతికశాస్త్రమను పేరున జాతిద్వేషమునకు జెండా ఎత్తినాడు. తన గురువును రెండు ముక్కలు చేసినాడు: ప్రయోగములు తల్లివైపు జర్మను రక్తము ఫలమట, సిద్ధాంత చింతన తండ్రివైపు యూదు రక్తము దోషమట! తరిమెన పట్టిన చేయి, అరబ్బీ చదివిన బుద్ధి ఒకే బాలునివి. మాక్స్‌వెల్ గణితమును ఎరుగని చేయి ఆ జింకు గోళములను అట్లు తగిలించియుండదు. చేయి తిరగని పండితుడు ఆ చిన్న సందును మరతో సరిచేసియుండడు. ఈ విభజన అన్యాయము మాత్రమే కాదు, అజ్ఞానము కూడ అని మేము భావించుచున్నాము.

నాజీల పాలనలో హాంబర్గ్ నగర భవనము నుండి ఆయన చిత్రపటమును తొలగించినారు. జంతుమనస్తత్వ శాస్త్రములో పేరుపొందిన చిన్న కుమార్తె మతిల్డె బోధనాధికారమును 1933లో కోల్పోయినారు. తల్లి, ఇద్దరు కుమార్తెలు ఇంగ్లండుకు వలసపోయినారు. పటము తీయించినవారు తమ ప్రసంగములను దేశమంతటికి వినిపించినది మాత్రము ఆయన తరంగముల మీదనే. ఎలిజబెత్ 1941లోను, మతిల్డె 1975లోను మరణించినారు. అప్పటికి పౌనఃపున్యపు కొలమానమునకు హెర్ట్జ్ పేరు నిలిచి, ప్రతి రేడియో ముఖముపై అచ్చయి యున్నది.