చవక పుస్తకం చూపిన దారి – హెర్బర్ట్ బ్రౌన్

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనను చూసిన తీరం మనది. పై గాలుల తీరు తెలుసుకోవడానికి మచిలీపట్నంలో వాతావరణ శాఖ వారు బెలూన్లు వదులుతారు. అలాంటి బెలూన్లను పైకి లేపేది గాలికన్నా తేలికైన హైడ్రోజన్. జింకు మీద ఆమ్లం పోసి ఆ వాయువును తయారుచేయడం మనం పాఠాల్లో చదువుకున్నాం. ఆమ్లం అక్కరలేకుండా, ఒక పొడినీ నీటినీ కలిపి దాన్ని పుట్టించే పద్ధతిని కనుగొన్నవారిలో హెర్బర్ట్ చార్లెస్ బ్రౌన్ ఒకరు.

బ్రౌన్ 1912 మే 22న లండన్‌లో జన్మించారు. తల్లిదండ్రులు ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన యూదులు. ఆయనకు రెండేళ్ల వయసులో కుటుంబం అమెరికాలోని చికాగో చేరింది. తండ్రిది చిన్న ఇనుప సామాన్ల కొట్టు. 1926లో తండ్రి చనిపోవడంతో బ్రౌన్ బడి మానేసి కొట్లో కూర్చున్నారు. కానీ ధ్యాసంతా పుస్తకాల మీదే. చివరకు తల్లి కొట్టు తాను చూసుకుంటానని కొడుకును మళ్లీ బడికి పంపింది. 1930లో హైస్కూలు పూర్తయ్యేనాటికి ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ఆ తర్వాత చేరిన జూనియర్ కాలేజీ కూడా నిధులు లేక 1933లో మూతపడింది. అయినా పట్టువిడవక 1936లో చికాగో విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు.

ఆ సందర్భంగా స్నేహితురాలు సారా బేలెన్ ఒక పుస్తకం కానుకగా ఇచ్చింది. బోరాన్, సిలికాన్ హైడ్రైడ్ల మీద ఆల్‌ఫ్రెడ్ స్టాక్ రాసిన పుస్తకమది. షాపులోని రసాయనశాస్త్ర పుస్తకాల్లో అదే అన్నిటికన్నా చవక కాబట్టి కొన్నది! ధర 2 డాలర్ల 6 సెంట్లు. బ్రౌన్ ఆ రంగంలోనే పరిశోధన చేసి 1938లో డాక్టరేట్ అందుకున్నారు. సారా ఆయన జీవిత భాగస్వామి అయ్యింది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో తన గురువు ష్లెసింగర్‌తో కలిసి సోడియం బోరోహైడ్రైడ్‌ను కనుగొన్నారు. సైన్యానికి యుద్ధరంగంలోనే హైడ్రోజన్ తయారుచేసుకునే సాధనం కావాలి. అయితే ఈ తెల్లని పొడిని నీటిలో వేస్తే కరిగి ఊరుకుంది. కొద్దిగా కోబాల్ట్ క్లోరైడ్ చేర్చగానే వాయువు జోరుగా వెలువడింది. గ్రాము పొడి నుంచి సుమారు 2.4 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. అందులో సగం నీటి నుంచి వచ్చేదే. యుద్ధ రహస్యం కావడం వల్ల ఈ వివరాలు 1953లో గాని పత్రికలకెక్కలేదు. ఆ పొడి తర్వాత మందుల తయారీలోనూ ఎంతో ఉపయోగపడింది.

బోరాన్ సమ్మేళనాలపై చేసిన కృషికి బ్రౌన్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది. 2004 డిసెంబరు 19న ఆయన కన్నుమూశారు.

మిత్రులారా! ఆ తల్లి మళ్లీ బడికి పంపకపోతే బ్రౌన్ కొట్లోనే మిగిలిపోయేవారు. ఇంటి ఇబ్బందుల వల్ల చదువు ఆపి చేలల్లో, చేపల చెరువుల మీద పనిచేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఈ సెలవుల్లో వారి ఇళ్లకు వెళ్లి, హాస్టల్ సీటు గురించి వారి అమ్మానాన్నలతో మాట్లాడదాం.