మగ్గం నుండి మోటారు వరకు: కీచిరో టొయోడా జీవితం

మహనీయుల చరిత్రలు చదివేటప్పుడు వారి విజయాలను లెక్కపెట్టడం మనకు అలవాటు. అయితే తన కృషి ఫలించిన దినాన్ని కళ్లారా చూడకుండానే లోకాన్ని వీడినవారి జీవితం నుండి నేర్చుకోదగినది మరింత ఎక్కువ ఉంటుందని మా అభిప్రాయం. అట్టివారిలో ఒకరు జపాను దేశానికి చెందిన కీచిరో టొయోడా. ఆయన స్థాపించిన టొయోటా కంపెనీ పేరు వినని విద్యార్థి ఉండడు. బ్రతుకు తెరువు కోసం తెలంగాణ జిల్లాల నుండి సౌదీ అరేబియాకో దుబాయికో వెళ్లి, డ్రైవర్లుగానో మెకానిక్కులుగానో పనిచేసిన వారికి ఆ కంపెనీ వాహనాలు చిరపరిచితాలు. జపాను కారును దిగుమతి చేసుకొని, ఏళ్ల తరబడి కాపాడుకొని, అవసరాన్ని బట్టి మార్పులు చేయించుకొని నడుపుకొనేవారు నేడు ఎన్నో దేశాలలో ఉన్నారు. ఒకనాటి పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. ఆనాడు అమెరికా కార్లను దిగుమతి చేసుకొని, వాటిని బాగుచేసుకొంటూ కాలం గడిపినది జపాను దేశమే. ఈ మార్పునకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుని జీవితాన్ని సంగ్రహంగా ఇక్కడ వివరింపదలచాము.

కీచిరో 1894 జూన్ 11న షిజువోకా మండలంలో, నేటి కొసాయి పట్టణానికి చెందిన ఒక పల్లెలో జన్మించారు. తండ్రి సకిచి టొయోడా వడ్రంగి కుమారుడు. నేత పనివారి శ్రమను తగ్గించే మగ్గాన్ని నిర్మించాలన్న పట్టుదలతో సకిచి తన యౌవనమంతా ధారపోశారు. ఆ ధ్యాసలో సంసారం పట్టలేదు. కీచిరో పుట్టిన కొద్దికాలానికే కన్నతల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. పసివాడు కొంతకాలం తాత, నాయనమ్మల సంరక్షణలోను, తరువాత నగోయా పట్టణంలో సవతి తల్లి అసాకో పెంపకంలోను పెరిగారు. తండ్రికి పెద్ద చదువు లేదు. కొడుకు మాత్రం టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో యంత్రశాస్త్రం అభ్యసించి 1920లో పట్టభద్రులయ్యారు. చేతి అనుభవం తండ్రిది, శాస్త్రజ్ఞానం కుమారునిది. ఈ రెండూ ఒకే ఇంట కలియడమే తరువాతి కథకంతటికీ మూలం.

కీచిరో 1921లో తండ్రి నూలు మిల్లులో చేరి, అదే సంవత్సరం అమెరికా, ఇంగ్లండు దేశాలకు వెళ్లి అక్కడి కర్మాగారాలను పరిశీలించారు. తిరిగి వచ్చిన తరువాత తండ్రితో కలిసి చేసిన కృషి ఫలితంగా 1924లో ‘జి’ రకం స్వయంచాలక మగ్గం పూర్తయింది. నాడెలో పేక నూలు అయిపోగానే యంత్రం ఆగకుండానే కొత్త నాడె దానంతట అదే వచ్చి చేరుతుంది. పడుగు పోగు ఒక్కటి తెగినా మగ్గం వెంటనే ఆగిపోతుంది. అందువల్ల చెడ్డ గుడ్డ నేయబడదు. ఒక్క మనిషి ఎన్నో మగ్గాలను చూచుకోగలడు. లోపం కనబడిన చోటనే పని ఆపి, దానిని సరిదిద్దిన పిమ్మటనే ముందుకు సాగాలన్న ఈ సూత్రాన్ని కీచిరో మగ్గం వద్ద నేర్చుకొని మోటారు వద్ద ఆచరించారు. 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఈ మగ్గం హక్కుల కోసం లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకొన్నది. యంత్రాలను అమ్మే దేశం కొనే దేశంగా మారడం ఆనాడు సామాన్య విషయం కాదు.

ఇక మోటారు వాహనాల సంగతి. 1923 సెప్టెంబరు 1న సంభవించిన మహా భూకంపంలో టోక్యో నగరపు ట్రాము మార్గాలు ధ్వంసమైనాయి. నగరపాలక సంస్థ సుమారు 800 ఫోర్డు వాహనాల చట్రాలను అమెరికా నుండి హడావుడిగా తెప్పించి, వాటిపై బస్సు బాడీలు కట్టించి నడిపించింది. మోటారు వాహనం ధనికుల వినోదం కాదనీ, ప్రజల నిత్యావసరమనీ జపాను ప్రజలకు అప్పుడు బోధపడింది. ఈ అవకాశాన్ని గుర్తించి ఫోర్డు కంపెనీ 1925లో యొకొహామాలోను, జనరల్ మోటార్స్ 1927లో ఒసాకాలోను కర్మాగారాలు తెరిచాయి. విడిభాగాలు పెట్టెలలో ఓడ దిగేవి. ఇక్కడ వాటిని బిగించి అమ్మేవారు. ఈ ధాటికి తట్టుకొనలేక స్వదేశీ తయారీదారులు వెనుకబడిపోయారు. జపాను వీధులలో తిరిగే కార్లలో అధికభాగం అమెరికా సొత్తే.

1929–30లో కీచిరో మరల అమెరికా, ఐరోపాలలో పర్యటించి, మోటారు పరిశ్రమ ఎంత విస్తరించినదో కళ్లారా చూచారు. ఆయన స్వదేశం చేరిన తరువాత 1930 అక్టోబరులో సకిచి మరణించారు. కరియాలోని మగ్గాల కర్మాగారంలో ఒక మూల కీచిరో చిన్న పరిశోధనశాల ఏర్పరచుకొన్నారు. సైకిలుకు అమర్చదగిన చిన్న ఇంజనుతో ప్రయోగాలు ఆరంభమైనాయి. మగ్గాల వ్యాపారం లాభదాయకంగా సాగుతుండగా, పెద్ద పెద్ద సంస్థలే సాహసించని మోటారు నిర్మాణానికి పూనుకోవడం ఆత్మహత్యాసదృశమని పెక్కుమంది తలచారు. కంపెనీ అధ్యక్షుడూ, తన బావ అయిన రిజబురో సైతం సందేహించారు. అయినను 1933 సెప్టెంబరులో కంపెనీలో మోటారు శాఖ ఏర్పడింది.

మన పట్టణాలలోని మెకానిక్ షెడ్లలో ఉస్తాదు వద్ద చేరిన కుర్రవాడు మొట్టమొదట నేర్చుకొనే విద్య విప్పడం. విప్పిన ప్రతి బోల్టూ ఎక్కడిదో గుర్తుంచుకొని తిరిగి బిగించగలిగిననాడే వాడు పనివాడవుతాడు. విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన కీచిరో చేసినదీ అదే. 1933లో ఒక షెవ్రొలే కారును కొని, భాగం భాగంగా విప్పించి, ప్రతి భాగాన్ని కొలిపించి, బొమ్మలు గీయించి, లోహాన్ని పరీక్ష చేయించారు. అనుకరణ సులభమని తలచేవారికి ఆ తరువాతి కథ గుణపాఠం. ఇంజను బ్లాకును పోత పోయడమే వారికి గగనమైంది. నీరు ప్రసరించే సన్నని దారులకై అమర్చిన ఇసుక అచ్చులు పోత సమయంలో చెదిరిపోయేవి. బ్లాకుల మీద బ్లాకులు పనికిరాక పారవేయవలసి వచ్చింది. 1934 సెప్టెంబరులో తొలి ఇంజను సిద్ధమైనప్పుడు, నమూనాగా తీసుకొన్న షెవ్రొలే ఇంజను పాటి శక్తి కూడ దానికి లేకపోయింది. సిలిండరు తల భాగాన్ని మార్చి మార్చి చూచిన తరువాతనే ఆ శక్తి వచ్చింది.

1935 మే నెలలో తొలి నమూనా కారు తయారయింది. దాని ఇంజను షెవ్రొలే పద్ధతిది, చట్రం ఫోర్డు పద్ధతిది, పైరూపం డెసోటో ఎయిర్‌ఫ్లో కారును పోలినది. దీనిని కేవలం అనుకరణమని కొట్టివేయరాదు. ఇందులో కారు యజమాని క్షేమాన్ని గురించిన ఆలోచన ఇమిడియున్నది. కారు కొన్న మనిషికి అసలు కష్టం కొన్న తరువాత మొదలవుతుంది. ఒక చిన్న భాగం విరిగితే అది దొరికేవరకు బండి మూలపడవలసినదే. ఆనాడు జపాను బజారులో దొరికేవి ఫోర్డు, షెవ్రొలే విడిభాగాలు మాత్రమే. కాబట్టి ఆ భాగాలే తన వాహనానికి కూడ సరిపోయేటట్లు ఉంటే యజమానికి చిక్కు ఉండదని కీచిరో భావించారు. వాహనాన్ని తయారు చేయకముందే దాని మరమ్మతును గురించి ఆలోచించడంలోనే ఆయన దూరదృష్టి కనబడుతుంది.

ప్రభుత్వానికి ఆనాడు కార్ల కంటె ట్రక్కులు ముఖ్యం. అందువల్ల కీచిరో బృందం కొద్ది నెలలలోనే ‘జి–1’ ట్రక్కును రూపొందించి, 1935 నవంబరులో టోక్యోలో ప్రదర్శించింది. ప్రదర్శనకు తీసుకొనిపోతుండగా దారిలోనే ఒక ట్రక్కు స్టీరింగు భాగం విరిగింది. దానిని బాగుచేసుకొని వెళ్లవలసి వచ్చింది. అమెరికా ట్రక్కుల కంటె 200 యెన్లు తక్కువ ధరకు అమ్మకం మొదలయింది గాని, కొన్నవారికి కష్టాలు తప్పలేదు. ఇరుసు తొడుగులు విరిగేవి, బండ్లు దారిలో నిలిచిపోయేవి. కంపెనీవారు తమకు దగ్గరి ప్రాంతాలలోనే ఎక్కువగా అమ్మి, కబురు అందగానే మనుషులను పంపి మరమ్మతు చేయించేవారు. జనరల్ మోటార్స్ ఉద్యోగం వదలి తక్కువ జీతానికి వచ్చి చేరిన షొతారో కమియా అమ్మకాల భారం వహించారు. విరిగి తిరిగివచ్చిన ప్రతి భాగమూ కర్మాగారంలో ఒక పాఠమయింది. లోపానికి కారణం కనుగొని ఆ భాగాన్ని మార్చేవారు. ఆ తొలి యజమానుల సహనాన్ని కూడ ఈ సందర్భంలో స్మరించుట న్యాయం. కొత్త పరిశ్రమ మొదటి ఫీజు చెల్లించినవారు వారే.

1936లో తెచ్చిన మోటారు పరిశ్రమ చట్టం విదేశీ కంపెనీల విస్తరణను అరికట్టి స్వదేశీ సంస్థలకు అండనిచ్చింది. ఆ చట్టం వెనుక సైనిక ప్రయోజనాలు కూడ ఉండినవి. తరువాతి యుద్ధ కాలంలో ఈ కర్మాగారం సైన్యానికే ట్రక్కులు తయారు చేసింది. చరిత్ర చెప్పేటప్పుడు దీనిని దాచడం తగదు. 1936లోనే గుర్తు కోసం జరిపిన పోటీకి సుమారు 27,000 ఎంట్రీలు వచ్చాయి. దాని ఫలితంగా టొయోడా అనే ఇంటిపేరు వాహనాలపై టొయోటాగా మారింది. జపాను లిపిలో ఆ పేరు వ్రాయడానికి ఎనిమిది గీతలు పడతాయి; ఎనిమిది వారికి శుభసంఖ్య. 1937 ఆగస్టులో ప్రత్యేక కంపెనీ స్థాపితమైంది. 1938 నవంబరులో కొరొమో అనే చోట పెద్ద కర్మాగారం ప్రారంభమైంది. ఏనాటికి కావలసిన సామాను ఆనాటికే, కావలసినంతే అందవలెనని, గోదాములలో వృథాగా పేర్చిపెట్టరాదని కీచిరో అక్కడ నియమం పెట్టారు. యుద్ధం వల్ల అది కుంటుపడినా, తరువాత తైచి ఓనో చేతిలో అది సమగ్రమైన పద్ధతిగా వికసించి నేడు ప్రపంచమంతటా బోధింపబడుతున్నది. కీచిరో 1941లో కంపెనీ అధ్యక్షులయ్యారు.

యుద్ధానంతరం అసలైన పరీక్ష ఎదురయింది. 1949లో ద్రవ్యోల్బణాన్ని అణచడానికి అమలు జరిపిన కఠిన ఆర్థిక విధానం వల్ల అప్పులు పుట్టలేదు, అమ్మిన ట్రక్కుల డబ్బు వసూలు కాలేదు. ఆ సంవత్సరం డిసెంబరులో కార్మిక సంఘంతో ఒక ఒడంబడిక కుదిరింది. కార్మికులు పది శాతం జీతం తగ్గింపునకు అంగీకరించారు. యాజమాన్యం ఎవరినీ పనిలో నుండి తొలగించబోమని మాట ఇచ్చింది. అయితే కంపెనీని ఆదుకొన్న బ్యాంకులు ఖర్చు తగ్గించవలసినదేనని పట్టుబట్టాయి. 1950 ఏప్రిల్ నుండి సమ్మెలు సాగాయి. చివరకు సుమారు 2,000 మంది కార్మికులు ఉద్యోగాలు వదలిపోవలసి వచ్చింది. తాను మాట నిలుపుకొనలేకపోయినందుకు బాధ్యత వహించి, 1950 జూన్‌లో కీచిరో అధ్యక్షపదవికి రాజీనామా చేశారు. తాను పుట్టించిన కంపెనీ నుండి తానే వెలుపలికి నడిచారు.

విధి విలాసమేమో గాని, ఆ నెల 25వ తేదీననే కొరియా యుద్ధం ఆరంభమైంది. అమెరికా సైన్యం టొయోటా ట్రక్కులకు వేల సంఖ్యలో ఆర్డర్లు ఇచ్చింది, కంపెనీ నిలదొక్కుకొన్నది. పదవి స్వీకరించిన తైజో ఇషిదా కీచిరోను తిరిగి అధ్యక్షులుగా రమ్మని కోరగా, ఆయన అంగీకరించారు. కాని ఆ పదవిలో మరల కూర్చునే యోగం ఆయనకు లేకపోయింది. 1952 మార్చి 27న మెదడులో రక్తస్రావం కారణంగా కన్నుమూశారు. అప్పటికాయన వయస్సు 57 సంవత్సరాలు. జపాను ప్రజలకు సొంత కారు అన్న ఆయన కల అప్పటికింకా కలగానే ఉండినది.

ఆ తరువాతి చరిత్ర ఆయన వారసులది. 1957లో అమెరికాకు పంపిన టొయోటా కార్లు అక్కడి రహదారుల వేగానికి తట్టుకొనలేకపోయాయి. కంపెనీ వెనుకకు తగ్గి, లోపాలు దిద్దుకొని, తగిన కార్లతో 1960ల దశాబ్దంలో మరల వెళ్లి నిలిచింది. 1966లో వచ్చిన కొరొల్లా సామాన్యుని కారుగా దేశదేశాలకు చేరింది. జపానులో వాడిన కార్లు సైతం ఓడలెక్కి పాకిస్తాను, శ్రీలంక, కెన్యా వంటి దేశాలకు చేరి, అక్కడ మరొక జీవితకాలం నడుస్తున్నాయి. గల్ఫు దేశాలలో ల్యాండ్ క్రూయిజరుకు స్ప్రింగులు ఎత్తు చేయించి, వెడల్పు టైర్లు వేయించి, ఇసుకలో దిగబడకుండ గాలి తగ్గించి ఎడారిలో నడుపుతారు. మన దేశంలో బెంగళూరు సమీపాన బిడదిలో నిర్మించిన కర్మాగారం నుండి 2000 సంవత్సరంలో క్వాలిస్ వెలువడింది. కొనడం ఒకనాటి పని; కాపాడుకోవడం నిత్యకృత్యం. ఇంజను ఆయిలు వేళకు మార్చడం, రేడియేటరులో నీరు చూడడం, వింత చప్పుడు వినబడగానే బండి ఆపి పరీక్షించడం తెలిసిన యజమాని చేతిలో బండి దీర్ఘకాలం సేవచేస్తుంది. లోపాన్ని దాచరాదన్న సూత్రం తయారీదారుకెంత ముఖ్యమో యజమానికి కూడ అంతే ముఖ్యం.

విద్యార్థులారా! ఈ జీవితాన్ని మీ ముందుంచడానికి ధనార్జన మార్గం చూపాలన్నది మా ఉద్దేశం కాదు. పట్టా చేతికి రాగానే పానా పట్టడం, గ్రీజు అంటించుకోవడం చిన్నతనమని తలచే అలవాటు మనలో ఇంకను పోలేదు. షెడ్డులో పనిచేసే కుర్రవానికి పుస్తకం దొరకదు. పుస్తకం చదివిన యువకునికి షెడ్డు గిట్టదు. ఈ రెంటి నడుమ గోడ ఉన్నంతకాలం మనం ఇతరులు చేసిన వస్తువులను కొనేవారముగానే మిగిలిపోతాము. ఆ గోడను కీచిరో తన చేతులతో తొలగించారు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. విరిగిన ఇరుసుకు ఆయన కొన్నవానిని నిందించలేదు. తప్పిన మాటకు బ్యాంకులను సాకుగా చూపి పదవిలో కూర్చోలేదు. తాము చేసిన పనికి తామే జవాబుదారీ వహించేవారు మన కళాశాల నుండి ఏటా కొందరైనా బయలుదేరితే, ఆ నాలుగేండ్ల చదువు గాని మూడేండ్ల చదువు గాని వ్యర్థం కాలేదని మేము సంతోషిస్తాము.